లూటీకీ ఓ రసీదు

ఇంగ్లీషు వాళ్లు భారతదేశం నుంచి పట్టుకెళ్లిన వాటిలో ‘లూట్’ అనే మాట కూడా ఉంది. కంపెనీ సైన్యాల నోట నాని, 18వ శతాబ్దం చివరికల్లా అది ఇంగ్లీషులోకి చేరిపోయింది. ఆ మాట తర్వాత ఓ కుక్కపిల్లకు పేరు కూడా అయింది. 1860లో బీజింగ్ దగ్గరి చక్రవర్తి వేసవి రాజభవనాన్ని బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు దోచుకున్నప్పుడు అక్కడ దొరికిన ఓ పెకినీస్ కుక్కను తెచ్చి విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చారు. దానికి ‘లూటీ’ అని పేరు పెట్టారు. చేసిన పని దాచుకోవాల్సిందని ఎవరికైనా అనిపించి ఉంటే ఆ పేరు పెట్టేవారే కాదు.

యుద్ధంలో కళాఖండాల దోపిడీ అనగానే తలుపులు బద్దలుకొట్టి, చేతికందింది చంకన పెట్టుకుని పరిగెత్తే సైనికుడు కళ్లముందు మెదులుతాడు. అలాంటివీ జరిగాయి, ఇప్పుడూ జరుగుతున్నాయి. కానీ చరిత్రలోని పెద్ద దోపిడీలు చాలావరకు కాగితం మీద జరిగాయి. జాబితా రాశారు, కమిటీ వేశారు, వేలం పాడారు, వాటాలు పంచారు, సంధి పత్రం మీద సంతకాలు తీసుకున్నారు. తుపాకీ వస్తువును లాక్కుంటుంది. దాని వెనకే వచ్చే గుమాస్తా ఆ వస్తువుకు కొత్త యజమానిని రాస్తాడు. వందేళ్లు, రెండు వందల ఏళ్లు గడిచాక కోర్టుల్లో, మ్యూజియంల్లో నడిచే గొడవంతా ఆ గుమాస్తా రాతల గురించే.

శ్రీరంగపట్నం సంగతి చూడండి. 1799 మే 4న కోట కూలి టిప్పు సుల్తాన్ చనిపోయాక ఆ రాత్రంతా విచ్చలవిడిగా దోచుకున్నారు. పట్నం బాధ్యత తీసుకున్న ఆర్థర్ వెల్లెస్లీ నలుగురిని ఉరితీయించి, మరికొందరిని కొరడాలతో కొట్టించి అదుపులోకి తెచ్చాడు. దోపిడీ మాత్రం అక్కడితో ఆగలేదు, పద్ధతిలో పడింది. ప్రైజ్ కమిటీ అని ఒకటి కూర్చుని, దొరికిన ప్రతిదానికీ విలువ కట్టి, హోదాను బట్టి వాటాలు వేసింది. జనరల్‌కు ఇంత, సిపాయికి ఇంత. పంచడానికి వీలుగా ఉంటుందని టిప్పు బంగారు సింహాసనాన్ని ముక్కలు చేశారు. దాన్ని మొత్తంగా ఇంగ్లండ్ రాజుకు పంపాలనుకున్న గవర్నర్ జనరల్‌కు ఇది నచ్చలేదు కూడా. ఆ సింహాసనం తాలూకు బంగారు పులి తల, రత్నాలు పొదిగిన హుమా పక్షి ఇవాళ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. తెల్లసైనికుణ్ని కింద పడేసి గాండ్రించే కొయ్యపులి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సొంతంగా దోచుకున్నవాడికి ఉరి, కమిటీ ద్వారా తీసుకున్నవాడికి వాటా. నేరం దోచుకోవడంలో లేదు, లెక్కలో చూపించకపోవడంలో ఉందన్నమాట.

ఈ పద్ధతి తర్వాత చాలాచోట్ల కనిపిస్తుంది. బీజింగ్ భవనం సొత్తును బ్రిటిష్ సైన్యం అక్కడే వేలం వేసి వచ్చిన డబ్బును సైనికులకు పంచింది. ఆ తర్వాత భవనానికి నిప్పు పెట్టించిన లార్డ్ ఎల్గిన్, ఏథెన్స్ పార్థెనాన్ శిల్పాలను ఊడబీకించిన ఎల్గిన్ కొడుకే. 1868లో ఇథియోపియాలోని మఖ్దలా కోట పడిపోయి, తెవొద్రోస్ చక్రవర్తి తనను తాను కాల్చుకున్నాక, అక్కడి రాతప్రతులు, కిరీటాలు, శిలువలు మోయడానికి 15 ఏనుగులు, సుమారు 200 కంచరగాడిదలు కావలసి వచ్చాయి. దారిలో వేలం పెట్టారు. ఆ పాటలో ఎక్కువ సరుకు కొన్నది సైన్యంతో పాటు వెళ్లిన బ్రిటిష్ మ్యూజియం ప్రతినిధి. మ్యూజియం రిజిస్టర్లలో అది ‘కొనుగోలు’ కింద వస్తుంది. కొన్నమాట నిజమే, అబద్ధమేమీ రాయలేదు. కాగితంలో ఉన్న బలం అదే.

నెపోలియన్ ఇంకో మెట్టు పైకెక్కాడు. వేలంపాటల గొడవ కూడా లేకుండా, ఓడినవాడి చేతే రాయించుకున్నాడు. 1796లో పోప్‌తో కుదిరిన యుద్ధ విరమణలో 100 కళాఖండాలు, 500 రాతప్రతులు అప్పగించాలన్న షరతు ఉంది. ఏవి కావాలో ఎంచుకునేది ఫ్రెంచ్ కమిషనర్లు. మరుసటి ఏడాది టొలెంటినో సంధి దాన్ని ఖాయం చేసింది. వాటికన్‌లోని అపోలో, లావోకూన్ శిల్పాలు ఇలా పారిస్ చేరాయి. పీక మీద కత్తి పెట్టి చేయించిన సంతకం చెల్లుతుందా అంటే, ఆనాటి చట్టం ప్రకారం సంధి సంధే. దోపిడీ అంటే మండిపడేవారు, పన్నులాంటిదే కదా అని సర్దుకున్నారు. ఫ్రాన్స్‌లోనే దీన్ని వ్యతిరేకించినవాళ్లూ లేకపోలేదు. కాత్రమేర్ ద క్విన్సీ అనే పండితుడు రోమ్ నగరమే ఒక మ్యూజియమని, అక్కడి శిల్పాన్ని పెకలిస్తే దాని అర్థం సగం అక్కడే ఉండిపోతుందని 1796లోనే వాదించాడు.

వెనిస్ నుంచి నెపోలియన్ మనుషులు 1797లో నాలుగు లోహపు గుర్రాలను కూడా దించుకెళ్లారు. సెయింట్ మార్క్ చర్చి ముఖద్వారం పైన ఉండేవి. అవి వెనిస్‌వేమీ కావు. 1204లో నాలుగో క్రూసేడ్ పేరుతో కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టినప్పుడు వెనిస్ వాళ్లు ఎత్తుకొచ్చినవే. దొంగల సొమ్ము దొరల పాలు అని ఊరికే అనలేదు. 1815లో వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాక ఆ గుర్రాలు వెనిస్‌కు తిరిగొచ్చాయి. న్యాయం జరిగిందని సంబరాలు చేసుకున్నారు. ఏ న్యాయం? 18 ఏళ్ల నాటి దొంగతనాన్ని సరిదిద్ది, 600 ఏళ్ల నాటి దొంగతనాన్ని అలాగే ఉంచారు. వెనక్కి ఇవ్వడమంటే ఎంత వెనక్కి అన్న ప్రశ్నకు ఇప్పటికీ ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

1815లో పారిస్ నుంచి ఇవన్నీ తిరిగి ఇప్పించడంలో గట్టిగా నిలబడ్డవాడు డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. ఫ్రెంచి వాళ్లకు నీతిపాఠం నేర్పాలని, ఆ కళాఖండాలు సొంతదారులకు చేరాల్సిందేనని ఆ సెప్టెంబరులో బ్రిటిష్ విదేశాంగ మంత్రికి లేఖ రాశాడు. వెల్లింగ్టన్ అంటే ఎవరో కాదు, శ్రీరంగపట్నంలో దోపిడీని పద్ధతిలో పెట్టిన ఆర్థర్ వెల్లెస్లీయే. ఆయన ఆ లేఖ రాస్తున్న రోజుల్లో టిప్పు కొయ్యపులి లండన్‌లో, కంపెనీ ప్రధాన కార్యాలయంలో జనానికి ప్రదర్శనగా ఉంది. ఆ నీతిపాఠం యూరప్ సరిహద్దుల దగ్గరే ఆగిపోయింది.

అప్పుడు కూడా అన్నీ తిరిగి వెళ్లలేదు. వెరొనేజ్ గీసిన ‘కానాలో పెళ్లి’ దాదాపు 10 మీటర్ల వెడల్పున్న బ్రహ్మాండమైన చిత్రం. దాన్ని వెనిస్ మఠం భోజనశాల గోడ నుంచి ముక్కలుగా కోసి తెచ్చారు. తిరిగి ఇవ్వమంటే మాత్రం ప్రయాణానికి తట్టుకోదని చెప్పి, బదులుగా ఓ ఫ్రెంచ్ చిత్రాన్ని అంటగట్టారు. తర్వాత యుద్ధం మీదికొచ్చినప్పుడు అదే చిత్రాన్ని పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి చుట్టచుట్టి భద్రమైన చోటికి తరలించారు. ఇవాళ అది మోనాలిసాకు ఎదురుగోడ మీద ఉంది. జనం దానికి వీపు తిప్పి మోనాలిసాతో సెల్ఫీలు తీసుకుంటూ ఉంటారు. వెనిస్ మఠంలో 2007 నుంచి కంప్యూటర్ సాయంతో చేసిన నకలు వేలాడుతోంది.

చట్టాలు మెల్లగా వచ్చాయి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1863లో, లీబర్ కోడ్ అనే సైనిక నియమావళి పట్టుకున్న కళాఖండాలను అమ్మకూడదని, ఎవరికీ ఇచ్చేయకూడదని చెప్పింది. 1907 హేగ్ ఒప్పందంలోని 56వ నియమం ఇంకా స్పష్టంగా, కళా సంస్థల ఆస్తిని, అది ప్రభుత్వానిదైనా సరే, స్వాధీనం చేసుకోవడం నిషిద్ధమంది. అయితే ఆ ఒప్పందంలోనే ఓ మెలిక ఉంది. సంతకం చేసిన దేశాల మధ్యనే ఇది వర్తిస్తుంది. సంతకం పెట్టే బల్ల దగ్గరకు ఆఫ్రికా రాజ్యాలను ఎవరు పిలిచారు? 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరం మీద పడి, ఓబా అనే అక్కడి రాజు అంతఃపురంలోని ఇత్తడి ఫలకాలు, దంతపు శిల్పాలు వేల సంఖ్యలో తీసుకుపోయింది. దండయాత్ర ఖర్చుల కోసమంటూ కొన్నింటిని అమ్మేశారు. అలా అమ్మినవాటిలో పెద్ద భాగం జర్మనీ మ్యూజియంలకు చేరింది. 2022లో జర్మనీ తన దగ్గరున్న 1,100కు పైగా వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకు బదలాయించడానికి ఒప్పుకుంది. బ్రిటిష్ మ్యూజియం మాత్రం 1963 నాటి చట్టాన్ని చూపిస్తుంది. సేకరణలోని వస్తువులను వదులుకోవడానికి ఆ చట్టం దాదాపుగా అనుమతించదు. ఇక్కడా కాగితమే అడ్డం.

కాగితం మీద దోపిడీ అనేది నాజీల చేతిలో పూర్తిస్థాయి ప్రభుత్వ శాఖ అయింది. 1940లో పారిస్ పడిపోగానే రోజెన్‌బర్గ్ దళం అనే సంస్థ యూదుల ఇళ్లలోని చిత్రాలను, ఫర్నిచర్‌ను ఊడ్చుకొచ్చి జూ ద పోమ్ అనే చిన్న మ్యూజియంలో పోగుపెట్టింది. ప్రతి వస్తువుకూ కార్డు, ఫోటో, ఎవరి దగ్గర్నుంచి తెచ్చారో తెలిపే సంకేతాక్షరం. ఫలానా కుటుంబం, ఫలానా నంబరు. హిట్లర్ చూసి ఎంచుకోవడానికి ఫోటోలను తోలు అట్టల ఆల్బములుగా కుట్టించారు. నాజీల్లో హిట్లర్ తర్వాతివాడైన గోరింగ్ అక్కడికి సుమారు 20 సార్లు వచ్చి తనకు కావలసినవి ఏరుకున్నాడు. ఆస్ట్రియాలోని లింజ్‌లో కట్టబోయే హిట్లర్ మ్యూజియానికి మొదటి బేరం, గోరింగ్‌కు రెండోది.

అదే భవనంలో రోజ్ వాలాండ్ అనే ఫ్రెంచ్ ఉద్యోగిని ఉండేది. పెద్దగా ఎవరి కంటా పడని మనిషి. ఆమెకు జర్మన్ అర్థమవుతుందని అక్కడి అధికారులకు తెలియదు. నాలుగేళ్ల పాటు ఏ పెట్టె ఎక్కడికి వెళ్తోందో విని, చూసి, రాసిపెట్టుకుంది. దొంగ రాసుకున్న లెక్క ఒకటి, ఆమె రాసిన లెక్క ఒకటి. 1944 ఆగస్టులో జర్మన్లు పారిస్ వదులుతూ ఆధునిక చిత్రాలున్న 148 పెట్టెలను రైలుకెక్కించారు. వాలాండ్ అందించిన సమాచారంతో ఫ్రెంచ్ రైల్వే కార్మికులు ఆ రైలును ఏదో ఒక సాకుతో పారిస్ శివార్లలోనే ఆపేశారు. చివరికి దాన్ని పట్టుకున్న ఫ్రెంచ్ సైనిక బృందానికి నాయకుడు, ఆ చిత్రాల్లో కొన్నింటి అసలు యజమాని అయిన పారిస్ వ్యాపారి పాల్ రోజెన్‌బర్గ్ కొడుకు. పెట్టెలు తెరిస్తే చిన్నప్పుడు ఇంట్లో చూసిన బొమ్మలు కనిపించాయి. ఇంటిపేరు ఒకటే అయినా దోపిడీ దళం నడిపిన రోజెన్‌బర్గ్‌కు, ఈ కుటుంబానికి ఏ సంబంధమూ లేదు. ఆ రోజెన్‌బర్గ్‌ను 1946లో న్యూరెంబర్గ్ తీర్పు తర్వాత ఉరి తీశారు. అతని మీద మోపిన నేరాల్లో ఈ దోపిడీ కూడా ఉంది. ఆ ఆల్బములే కోర్టులో సాక్ష్యాలయ్యాయి.

యుద్ధం ముగిసే నాటికి ఆస్ట్రియాలోని ఆల్టౌసే ఉప్పుగనిలో 6,500కు పైగా చిత్రాలు దాచి ఉన్నాయి. గెంట్ చర్చి బలిపీఠం మీది వాన్ ఐక్ చిత్రాలు, బ్రూజ్ నుంచి తెచ్చిన మైకెలాంజెలో మేరీమాత శిల్పం అందులోనివే. స్థానిక నాజీ నాయకుడు వాటిని పేల్చేయాలని ‘పాలరాయి, జాగ్రత్త’ అని రాసిన పెట్టెల్లో ఎనిమిది పెద్ద బాంబులు లోపల పెట్టించాడు. గని మనుషులే వాటిని బయటికి తీసి పడేశారు. మిత్రసేనల్లోని ‘మాన్యుమెంట్స్ మెన్’, అంటే యూనిఫాం వేసుకున్న మ్యూజియం ఉద్యోగులు, చరిత్రకారులు, ఆర్కిటెక్టులు, ఇలాంటి గనులు, కోటలు వెతికి లక్షల వస్తువులను దేశాలకు తిరిగి పంపారు. ఫ్రాన్స్‌కు చేరిన సుమారు 61,000 వస్తువుల్లో 45,000 దాకా యజమానులకు అందాయి.

తూర్పు వైపు నుంచి వచ్చిన సోవియట్ సైన్యానికీ ఇలాంటి నిపుణుల బృందాలున్నాయి. పని మాత్రం తిరగబడింది. తమ దేశంలో జర్మన్లు చేసిన విధ్వంసానికి పరిహారంగా జర్మనీ మ్యూజియంలను ఖాళీ చేశారు. రఫేల్ ‘సిస్టీన్ మడోన్నా’ను 1955లో డ్రెస్డెన్‌కు తిరిగి ఇచ్చారు. ట్రాయ్ తవ్వకాల్లో దొరికిన ‘ప్రయామ్ నిధి’ మాత్రం అర్ధశతాబ్దం పాటు ఎక్కడుందో బయటి ప్రపంచానికి చెప్పలేదు. అది మాస్కోలో 1996లో ప్రదర్శనకు వచ్చింది. 1998లో రష్యా చట్టం చేసి ఇలాంటి వాటిని దేశ ఆస్తిగా ప్రకటించుకుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి రాజభవనం నుంచి జర్మన్లు తీసుకుపోయిన పసుపు అంబర్ గది పలకలు 1945 తర్వాత మళ్లీ కనిపించలేదు కాబట్టి, ఈ చట్టాన్ని తప్పుపట్టడం రష్యన్ల దగ్గర అంత తేలిక కాదు. దోపిడీకి దోపిడీ చెల్లు అనే లెక్క మనిషి మనసుకు సులువుగా ఎక్కుతుంది. చిక్కేమిటంటే, ఆ పెట్టెల్లో నాజీలు యూదుల దగ్గర లాక్కున్నవి కూడా కలిసిపోయాయి.

అన్నిటికంటే చిక్కు లాక్కున్నవాటితో కాదు, ‘అమ్మిన’వాటితో. 1939లో లిల్లీ కాసిరర్ అనే యూదు మహిళ జర్మనీ నుంచి బయటపడాలంటే వీసా కావాలి. దాని కోసం ఇంట్లో ఉన్న, ఫ్రెంచ్ చిత్రకారుడు పిసారో గీసిన చిత్రాన్ని 900 రైక్‌మార్కులకు ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ డబ్బు పడిన ఖాతా ఆమె ముట్టుకోవడానికి వీల్లేనిది. అమ్మకం పత్రం ఉంది, ధర ఉంది, సంతకం ఉంది. అన్నీ ఉన్నాయి, ఇష్టం తప్ప. ఆ చిత్రం చేతులు మారి మారి మాడ్రిడ్‌లోని థైసెన్ మ్యూజియానికి చేరింది. కుటుంబం 2005లో అమెరికాలో కేసు వేసింది. దొంగ దగ్గర కొన్నవాడికి హక్కు రాదనేది అమెరికా పద్ధతి. నమ్మకంతో కొని, కొన్నేళ్లు బహిరంగంగా పెట్టుకుంటే హక్కు వచ్చేస్తుందనేది స్పెయిన్ పద్ధతి. ముఖ్యంగా ఏ దేశపు చట్టం వర్తించాలన్న ప్రశ్న మీద 20 ఏళ్లు గడిచాయి. 2024లో మ్యూజియం గెలిచింది. 2025 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి మళ్లీ చూడమంది.

నాజీలు లాక్కున్న కళాఖండాల గురించి 1998లో వాషింగ్టన్‌లో 44 దేశాలు ఒప్పుకున్న సూత్రాలు ‘న్యాయమైన, సముచితమైన పరిష్కారం’ చూపాలని చెబుతాయి. కట్టుబడి తీరాలని చెప్పవు. ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ గీసిన అడెలె చిత్రం 2006లో వియన్నా నుంచి వారసురాలు మరియా ఆల్ట్‌మన్‌కు దక్కిందంటే, అది అమెరికా కోర్టుల దాకా వెళ్లే ఓపిక, మంచి లాయరు, ఆస్ట్రియా దాచుకున్న దస్తావేజులు బయటపడటం అన్నీ కలిసొచ్చాయి కాబట్టి. చేతిసంచితో పారిపోయిన మనిషిని రసీదు చూపించమనడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? మ్యూనిక్‌లో హిట్లర్ కాలం నాటి డీలర్ కొడుకు ఫ్లాటులో 2012లో 1,200కు పైగా చిత్రాలు దొరికితే, ఏళ్ల పరిశోధన తర్వాత దోపిడీ సొత్తని తేల్చి తిరిగి ఇవ్వగలిగినవి 14. మిగతావన్నీ నికార్సయినవని కాదు. చాలావాటికి కాగితం చాలలేదు.

భూమిలోంచి తవ్వి తీసినవాటి పరిస్థితి ఇంకా అన్యాయం. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లోని ఇరాక్ మ్యూజియం నుంచి సుమారు 15,000 వస్తువులు పోయాయి. మ్యూజియంకు రిజిస్టరు, ఫోటోలు ఉన్నాయి కాబట్టి పేరున్నవి బయట అమ్ముడుపోవడం కష్టం. ఉరుక్ పాత్ర రెండు నెలల్లోనే వెనక్కి వచ్చింది. వేలు మందాన ఉండే రాతి ముద్రలు జేబుల్లో పట్టేస్తాయి కనుక అవి ప్రపంచమంతా చెదిరిపోయాయి. ఎడారిలోని దిబ్బల్ని రాత్రిళ్లు తవ్వితే దొరికేవి ఏ రిజిస్టర్లోనూ ఉండవు. అప్పుడు వ్యాపారి చేసే పని, లేని కాగితం పుట్టించడం. ప్రాచీన మెసొపొటేమియా కావ్యమైన గిల్గమేష్ కథలోని కల రాసి ఉన్న ఓ మట్టిపలకను ఇలాగే, 1981లో ఓ వేలంలో కొన్న పాత లోహపు ముక్కల పెట్టెలో దొరికిందని దొంగ ఉత్తరం రాసి అమెరికాలో అమ్మారు. 2014లో దాన్ని కొన్న సంస్థ 16 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. అబద్ధం బయటపడి, 2021లో పలక ఇరాక్‌కు చేరింది. ‘పాత ప్రైవేటు సేకరణ నుంచి’ అనే మాట వేలం క్యాటలాగుల్లో కనబడితే ఒకటికి రెండుసార్లు చూడాలి. నిజమూ కావచ్చు. అబద్ధానికీ అంతకంటే అనువైన మాట ఇంకొకటి లేదు.

యుక్రెయిన్‌లోని ఖెర్సన్ నుంచి 2022 నవంబరులో వెనక్కి తగ్గే ముందు రష్యన్ అధికారులు అక్కడి ఆర్ట్ మ్యూజియం నుంచి వేల చిత్రాలను లారీలకెక్కించి క్రిమియాకు తరలించారు. ‘భద్రత కోసం’ అన్నారు. నెపోలియన్ కమిషనర్లూ దాదాపు ఇదే మాట వాడారు. క్రిమియా మ్యూజియంలో తీసిన వీడియోల్లో గోడకు ఆనించి ఉన్న ఫ్రేములను చూసి, తమ జాబితాతో సరిపోల్చుకుంటూ ఖెర్సన్ సిబ్బంది ఒక్కొక్క చిత్రాన్నే గుర్తుపడుతున్నారు.

జాబితా అంటూ ఎప్పుడూ లేని చోట ఏం చేయాలి? కంబోడియాలో 10వ శతాబ్దపు రాజధాని కో కేర్. అక్కడి ప్రసాత్ చెన్ గుడిలో భీమ దుర్యోధనుల గదాయుద్ధం నిలువెత్తు శిల్పాలుగా ఉండేది. చుట్టూ కూర్చుని చూస్తున్న పాండవులు, నియమం తప్పిన దెబ్బకు మండిపడే బలరాముడు. 1970ల అంతర్యుద్ధంలో ఆ అడవిలో ఎవరి రాజ్యమో తెలియని రోజుల్లో విగ్రహాలను చీలమండల దగ్గర నరికి పట్టుకెళ్లారు. 2011 మార్చిలో న్యూయార్క్ వేలంలో ఓ యోధుడి విగ్రహం 20 నుంచి 30 లక్షల డాలర్ల అంచనాతో ప్రత్యక్షమైంది, పాదాలు లేకుండా. దొంగ సొత్తని రుజువేమిటని అమ్మేవాళ్లు అడిగారు. గుడిలో దుర్యోధనుడి పీఠం అలాగే ఉంది. దాని మీద రెండు రాతి పాదాలు ఉన్నాయి. విగ్రహం కాళ్లు ఎక్కడ విరిగాయో, ఆ పాదాలు సరిగ్గా అక్కడే మొదలవుతాయి. 2014లో దుర్యోధనుడు నాంపెన్ చేరాడు. అదే గుడికి చెందిన భీముణ్ని కాలిఫోర్నియా మ్యూజియం ఒకటి అదే ఏడాది తిరిగి పంపింది. దాని పీఠం మీదా పాదాలు మిగిలే ఉన్నాయి.